బావగారి ఎదుట కుర్చీ

ఆ ఏడు మిరప ధర పడిపోబట్టి గానీ, నా పేరును ఎవరెవరు వాడుకున్నారో నాకు తెలిసేది కాదు. ధర నిలబడి ఉంటే కాయ యార్డుకు తోలి, కౌలు కట్టి, పురుగుమందుల కొట్టు బాకీ తీర్చి, మిగిలితే ఒక చీర కొనుక్కుని నేనింకా అమాయకంగానే ఉండేదాన్ని. నిరుడు క్వింటా ఇరవై వేలు పలికిన కాయ ఆ మాఘమాసంలో పదివేలకు దిగింది.

మాది అద్దంకి దగ్గర పల్లెటూరు. మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాం. మొదటి కోత కాయ ముప్పై టిక్కీలు అయింది. కాయ తొక్కి కుట్టిన గోతాన్ని మా వైపు టిక్కీ అంటారు. వాటిని గుంటూరు యార్డుకు తోలింది మా బావగారి ట్రాలీ బండి మీద. బావగారంటే మా ఆయన అన్న, బుల్లయ్యగారు. సొంత తమ్ముడి కాయ కదా, టిక్కీకి వంద కాకుండా ఎనభై తీసుకోమని బండి డ్రైవరు మాలిక్‌ని అడిగాను.

"పెద్దాయన ఒప్పుకోడక్కా. బండికి కిస్తీ కట్టుకోవాల్నంట," అన్నాడు మాలిక్, తల గోక్కుంటూ.

నిజమే కదా పాపం అనుకున్నాను. చెంగు ముడి విప్పి మూడు వేలూ లెక్కపెట్టి ఇచ్చాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండో కోత కాయ కల్లంలో ఎండుతుండగా నాకు ఆలోచన వచ్చింది. మా చెల్లెలు తాడేపల్లిలో ఒక అపార్ట్‌మెంట్‌లో వంట చేస్తుంది. దాని మాట మీద రెండేళ్లుగా ఆవకాయ రోజుల్లో అక్కడివాళ్లకు కారం పట్టించి పంపుతున్నాను. నిరుడు నూట ఎనభై కిలోలు పోయింది. ఈ ఏడు నాలుగొందల కిలోలు కావాలని ఇప్పటినుంచే అడుగుతున్నారు. కాయ అమ్మితే కిలో వంద, అదే కారం చేస్తే మూడొందల యాభై. అయితే మార్టూరులో మిల్లు ముందు పొద్దున్నుంచి కూర్చుంటే సాయంత్రానికి గానీ వంతు రాదు. వచ్చినా, నా ముందువాడు రంగు పోయిన తాలు కాయ పట్టించి పోయిన మిషన్లోనే నాదీ పోస్తారు. ఎర్రగా నిగనిగలాడాల్సిన కారం వెలిసిపోయిన ఇటుక రంగులో దిగుతుంటే ఏడుపొచ్చేది. సొంతంగా చిన్న మిల్లు పెట్టుకుంటే? మూడు లక్షలవుతుందన్నారు. బ్యాంకులో ఆడవాళ్లకు సబ్సిడీ లోను ఉందని డ్వాక్రా మీటింగులో చెప్పారు కూడా.

కల్లంలో మా ఆయన వీరాంజనేయులుతో ఈ మాట చెప్పాను.

"నీకు బ్యాంకెందుకే. ఊరికే తిప్పుతారు. చెప్పులరిగిపోతయ్," అన్నాడు.

"అరిగితే నా చెప్పులేగా."

"మనకిస్తారంటావా? వద్దులే, వదిలెయ్."

నా మొహం చూడకుండా కాయ కింద పరిచిన పరదా అంచు సర్దుతూ అన్నాడు. నేను గమనించలేదు. కాదు, గమనించాను. ఎండకు చూపు తిప్పుకున్నాడనుకున్నాను.

అద్దంకి బ్యాంకులో లోన్ల దగ్గర కూర్చున్న అమ్మాయి పేరు ఆశ్రిత. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఆధార్, పాన్ కార్డు తీసుకుని, కంప్యూటరులో ఏదో కొట్టింది. చాలాసేపు తెర వంక చూసింది.

"సుబ్బరావమ్మగారూ, మీకింకో లోను ఉంది కదండీ. ఆ సంగతి చెప్పలేదేం?"

"డ్వాక్రాదామ్మా? అది గ్రూపుది. పన్నెండేళ్లయింది, ఒక్క నెల తప్పలేదు. కావాలంటే పుస్తకం చూడు," అని సంచిలోంచి తీయబోయాను. ఆ పుస్తకం చూపించడమంటే నాకు సరదా.

"అది కాదండి. వాహనం లోను. నాలుగు లక్షల అరవై వేలు. ఐదు కిస్తీలు బాకీ ఉన్నాయి."

"వాహనమా? నాకు సైకిలు తొక్కడం కూడా రాదే!"

నా వెనక నిలబడ్డవాళ్లెవరో నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"మీరు అప్పు తీసుకుని ఎలా కడుతున్నారన్నది అప్పిచ్చినవాళ్లు నెలనెలా పైకి తెలియజేస్తారండీ. దాన్నిబట్టి మార్కులు వేస్తారు. మూడొందల నుంచి తొమ్మిదొందల దాకా. సిబిల్ స్కోరు అంటుంటారు చూడండి, అదే. ఏ బ్యాంకుకు వెళ్లినా ముందు అదే చూస్తారు. ఏడొందలు దాటితే మనం మాట్లాడుకోవచ్చు."

"నాకెంతుంది?"

"ఐదొందల అరవై ఒకటి."

"నన్నొక్క మాట అడక్కుండా నాకు మార్కులేశారా?"

"మీ సంతకం ఉంటుందండీ. సంతకం పెట్టారంటే అడిగినట్టే," అంది నెమ్మదిగా.

కాగితం అచ్చు తీసి ఇచ్చింది. నేను పదో తరగతి దాకా చదువుకున్నాను. పక్కన బల్ల మీద కూర్చుని వేలు పెట్టి ఒక్కొక్క గడీ చదివాను. పేరు నాది. పుట్టిన తేదీ నాది. ఇంటి నంబరు నాది. ఫోను నంబరు మాత్రం మా ఆయనది. లోను ఇచ్చింది నరసరావుపేటలో ఏదో ఫైనాన్సు కంపెనీ, రెండేళ్ల కిందట కార్తీకమాసంలో. పన్నెండేళ్లు నెలనెలా గోనెసంచి దులిపినట్టు దులిపి కట్టిన నా డ్వాక్రా కిస్తీలన్నీ ఒకవైపు, నేనెరగని ఈ బాకీ ఒకవైపు. పది టిక్కీల మేలు కాయలో ఒక తట్ట తాలు కలిపినా యార్డులో మొత్తానికీ తాలు ధరే కడతారు. నా పేరుకు కూడా అదే జరిగింది. తాలు కలిపింది నేను కాదు, అంతే తేడా.

కార్తీకమాసం అనగానే నాకు బండి గుర్తొచ్చింది. బావగారి ట్రాలీ బండి ఊళ్లోకి వచ్చింది ఆ నెలలోనే.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. కోడలు బావగారి ఎదుట నిలబడదు, ఎదురు మాట్లాడదు, ఆయన కూర్చున్న చోట కూర్చోదు. నాకు పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఇరవై రెండేళ్లలో ఆయనతో నేను నేరుగా మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మా ఇల్లూ ఆయన ఇల్లూ ఎదురెదురే. ఏదైనా కాగితం మీద నా సంతకం కావలసి వస్తే ఆయన మా అరుగు మీద కాగితాలూ కలమూ పెట్టి వెళ్లిపోయేవాడు. అత్తయ్య వచ్చి, "బావగారు సంతకం పెట్టమన్నాడు" అనేది. నేను చేతులు తుడుచుకుని వచ్చి, పెన్సిలుతో టిక్కు పెట్టిన చోటల్లా పెట్టి, లోపలికి వెళ్లేదాన్ని. కాసేపాగి ఆయన వచ్చి తీసుకుపోయేవాడు. ఇదేం కాగితమని ఎవరిని అడగాలి? అడిగితే బావగారిని అనుమానించినట్టు. చదివితే? అరుగు మీద నిలబడి పెద్దవాళ్లు పెట్టిన కాగితాలు చదివే కోడల్ని మా వీధిలో ఏమంటారో నాకు తెలుసు. దీన్నే ఇన్నాళ్లూ మర్యాద అన్నారు, నేనూ అదే అనుకున్నాను.

ఇక బండి వచ్చిన రోజు. "ఇంటి కోడలి చేత్తో తాళం పుచ్చుకుంటే కలిసొస్తుంది" అని అత్తయ్య నన్ను పిలిచింది. బావగారి భార్య పోయి అప్పటికి నాలుగేళ్లు. బండికి పసుపు రాసి బొట్టు పెట్టాను. కొబ్బరికాయ కొట్టాను. షోరూం నుంచి వచ్చినవాడు నా చేతికి తాళం ఇచ్చి, నవ్వమని ఫొటో తీశాడు. బావగారు మర్యాదగా పక్కకు తప్పుకున్నాడు. ఆ ఫొటో పెద్దది చేయించి ఆయన వరండాలో తగిలించాడు. రెండేళ్లుగా వీధిలోంచి కనబడుతూనే ఉంది. నాకెంత గౌరవం ఇచ్చారో అని నేను మురిసిపోయాను కూడా. అది అప్పు తీసుకున్న మనిషికి బండి ముట్టిందని ఫైనాన్సువాళ్లకు చూపించాల్సిన ఫొటో అని బస్సులో కూర్చున్నాక నాకు వెలిగింది. నేను పెట్టిన బొట్టు నా నెత్తికే అంటుకుంది.

బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా కల్లానికి వెళ్లాను. మా ఆయన కాయ తిరగేస్తున్నాడు. కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన చదవలేదు. చదవక్కర్లేదని మొహం చూస్తేనే తెలిసింది.

"నీకు తెలుసు గదా?" అన్నాను.

"అన్నయ్య పాత ట్రాక్టరు లోను చెడిపోయిందంట. ఆయన పేరు మీద ఎవురూ ఇయ్యలేదు. నా పేరు మీద పంటలోను ఉంది. ఆడోళ్ల పేరు మీదైతే తేలిగ్గా వస్తదన్నాడు."

"నా పేరు మీదని నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు భయపడతావని."

"ఓటీపీ ఎవురు చెప్పారు?"

ఆయన మళ్లీ కాయ తిరగేయడం మొదలుపెట్టాడు.

"నీ ఫోనుకే గదా వచ్చింది. నువ్వే గదా చెప్పింది."

"అన్న అడిగితే చెప్పనంటానా సుబ్బా? కడతానన్నాడు. కడతాడులే. ధర రానీ."

బావగారి మీద వచ్చిన కోపం వేరు, ఈయన మీద వచ్చిన కోపం వేరు. బావగారు పరాయివాడు, ఎంత కాదన్నా. ఈయన నా పక్కన పడుకుని, నా చేతి అన్నం తిని, నేను మిల్లు మాట ఎత్తినప్పుడు కూడా నోరు విప్పకుండా పరదా సర్దుకున్నాడు. నేను బ్యాంకులో నవ్వులపాలవుతానని తెలిసి పంపించాడు. ఆ రోజు నేనేం అరవలేదు. కాయలో తాలు ఏరుతూ కూర్చున్నాను, వేళ్లు మండుతున్నా పొద్దు గుంకేదాకా ఏరాను.

మర్నాటి నుంచి ఇంట్లో అందరూ నాకే నీతులు చెప్పారు. అత్తయ్య వెంకాయమ్మకు నెలకొక కొడుకు ఇంట్లో భోజనం. ఆ నెల బావగారి వంతు. అయినా పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చునేది.

"ఇంటి గుట్టు లంకకు చేటే. బ్యాంకులోళ్లకు చెప్పుకుంటావా? వాడేమన్నా తిని కూర్చున్నాడా? బండి తిప్పుతా ఉన్నాడు గదా."

"తిప్పుతా ఉంటే కిస్తీ ఎందుకు కట్టలేదత్తా?"

"ధర లేదుగా ఈ ఏడు!"

"కాయకి ధర లేదు. కిరాయికేమైంది? నా దగ్గిరే మూడు వేలు తీసుకున్నాడు."

"అబ్బో, మూడు వేలు! నోరు పెరిగిందే నీకు," అని లేచిపోయింది.

వారం గడిచింది. రెండో కోత కాయ ఎండి, గోతాల్లో తొక్కే అదనుకు వచ్చింది. నేను ఎదురింటి మేడ వంక చూస్తుండేదాన్ని. ఈ ఐదు నెలల్లోనే బావగారు డాబా మీద కొత్తగా ఒక గది వేయించాడు. గచ్చుకు టైల్సు, గోడలకు గులాబీరంగు. ఐదు కిస్తీలూ ఆ గోడల మీదే ఉన్నాయి. సొమ్మొకడిది సోకొకడిదని ఊరికే అనలేదు పెద్దలు.

తాలు ఏరుతుండగా ఒక ప్రశ్న పుట్టింది. అంత చిన్న ప్రశ్న నాకు వారం దాకా ఎందుకు తట్టలేదో తెలియదు. ఆశ్రిత ఇచ్చిన కాగితం వెనక ఆమె నంబరు రాసి ఉంది. మా అమ్మాయి హారిక హాస్టలుకు పోతూ వదిలేసిన పాత ఫోనుతో చేశాను.

"అమ్మా, నేను సుబ్బరావమ్మని. కారం మిల్లు. ఒక్క మాట అడగనా? అప్పు నాదైతే, మరి బండి ఎవురిది?"

"మీదేనండీ. అప్పు ఎవరి పేరు మీద ఉంటే ఆర్సీ కూడా మామూలుగా వాళ్ల పేరు మీదే ఉంటుంది. బండి నంబరు తెలుసా?"

తెలియకేం. నా చేత్తో బొట్టు పెట్టిన నంబరు. ఆ అమ్మాయి ఎలా చూడాలో చెప్పింది. నేనే ఫోనులో కొట్టాను. తెర మీద యజమాని పేరు వచ్చింది. అక్షరాలు సగం చుక్కలతో కప్పి ఉన్నా నా పేరు నేను పోల్చుకోలేనా? నా బండి మీద నా కాయ తోలి, నేనే కిరాయి కట్టాను. తగ్గించమని బతిమాలి మరీ కట్టాను.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి వీధి దాటి బావగారి ఇంటికి వెళ్లాను. మా ఆయనకు చెప్పలేదు. బావగారు వరండాలో కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. వాకిట్లో మాలిక్ బండి కడుగుతున్నాడు. అత్తయ్య గుమ్మంలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి ఆయన పేపరు మడవకుండానే, అలవాటు ప్రకారం గాలిలోకి అన్నాడు.

"వాడేడమ్మా? పనుంటే వాణ్ని రమ్మను."

గోడ పక్కన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఉంది. దాన్ని లాక్కుని ఆయన ఎదురుగా వేసుకుని కూర్చున్నాను. గచ్చు మీద కుర్చీ కాళ్లు కీచుమన్నాయి. అత్తయ్య చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

బావగారు లేచి నిలబడ్డాడు.

"ఏందమ్మా ఇది?"

"కూర్చోండి బావగారూ. బండి సంగతి మాట్లాడదామని వచ్చాను."

"వాడితో మాట్లాడతాలే. నీకెందుకు అయ్యన్నీ?"

"ఆయన పేరు మీద లేదు గదా. నా పేరు మీదుంది."

"నేను కట్టనన్నానా? ధర రానీ. ఇంటి పెద్దోణ్ని, ఆ మాత్రం నమ్మకం లేదా?"

"ఉంది. ఉండబట్టే చదవకుండా సంతకాలు పెట్టాను. మీ బండి అనుకున్నంత కాలం మీరే కట్టుకుంటారనుకున్నాను. నాదని ఈ మధ్యే తెలిసింది. నాదైతే నేనే కట్టుకుంటాను."

"నాదంటావేంది! మొదట అరవై వేలు రొక్కం కట్టింది ఎవురు? నువ్వు కట్టావా?"

"మీరే కట్టారు. అది మర్చిపోను. రెండేళ్లు వచ్చిన కిరాయిలు, కట్టిన కిస్తీలు, అరవై వేలు, అన్నీ ఒక కాగితం మీద రాసి అరుగు మీద పెట్టండి. ఈసారి చదివి సంతకం పెడతాను."

ఆయన మొహం ఎర్రబడింది. అప్పు మాటకు కాదు. ఆయన చూపు నా మీద లేదు, కుర్చీ మీద ఉంది. నేను అందులోంచి లేస్తే మిగతాదంతా సర్దుకుంటుందన్నట్టు చూశాడు. నేను లేవలేదు. వెనక గోడ మీద ఫొటోలో తాళం పట్టుకుని నవ్వుతున్నాను.

"మాలిక్," అన్నాను. "తాళం ఎవురి దగ్గరుంది?"

"నా జేబులోనే అక్కా."

"నీకు జీతం ఎన్ని నెలలు రావాల?"

మాలిక్ బావగారి వంక చూసి, బకెట్ వంక చూశాడు. "మూడు నెలలక్కా."

"ఈ రోజు నుంచి కిరాయి నాకు తెచ్చియ్యి. ఏ రోజు జీతం ఆ రోజు తీసుకో. బండి మా వాకిట్లో పెట్టు."

మాలిక్ గుడ్డ పిండి ఆరేసి, బండి ఎక్కాడు. వీధికి అటునుంచి ఇటు, పదడుగుల దూరం. వెళ్లడానికి నిమిషం కూడా పట్టలేదు. నేను కుర్చీ తీసిన చోటే గోడ పక్కన పెట్టి ఇంటికి వచ్చాను.

మా ఆయన ఎనిమిది రోజులు అన్న ఇంట్లోనే భోంచేశాడు. తొమ్మిదో రోజు వచ్చి పీట వాల్చుకుని కూర్చున్నాడు. అన్నం పెట్టాను, కంచంలో పప్పు కూడా వేశాను. "నువ్వు చేసిందాంట్లో తప్పు లేదులే" అన్నాడు, నాకేదో దానం చేసినట్టు. "నాకు తెలుసు" అన్నాను. అప్పటినుంచి ఇద్దరం మాట్లాడుకుంటున్నాం. కానీ ఆయన ఫోను మోగినప్పుడల్లా నా చెవి అటే పోతుంది. అది ఎన్నాళ్లకు పోతుందో తెలియదు. నేను చేసిన మొదటి పని ఆధార్ సెంటరుకు పోయి, నా ఆధార్‌కు నా నంబరు పెట్టించుకోవడం.

ఊళ్లో నాకు కొత్త పేరు పెట్టారు, ఓనరమ్మ అని. మగవాళ్లు నవ్వుతూ అన్నారు, కాయ కిరాయికి మాత్రం నా వాకిట్లోకే వచ్చారు. పోయేటప్పుడు టిక్కీలు, వచ్చేటప్పుడు ఎరువు బస్తాలు. డీజిలు, మాలిక్ జీతం పోను రోజుకు మూడు వేల దాకా మిగిలింది. అంత మిగులుతుంటే ఐదు నెలలు కిస్తీ కట్టని మనిషి ధర లేదన్నాడే అని ప్రతి సాయంత్రం కొత్తగా కోపం వచ్చేది. ఉగాది నాటికి పాత కిస్తీలు, ఆ నెలలవి, జరిమానాతో సహా కట్టేశాను. రసీదులు నా ఫోనుకే వచ్చాయి.

కాగితాలు పట్టుకుని ఆశ్రిత దగ్గరికి వెళ్లాను. మిల్లు వచ్చేస్తుందనే వెళ్లాను.

"ఇప్పుడే పెరగదండీ. ఆలస్యంగా కట్టారన్న మచ్చ కొన్నాళ్లుంటుంది. ఒక ఏడాది నెలనెలా కట్టండి. అప్పుడు చూద్దాం," అంది. ఆ అమ్మాయి బాధగానే చెప్పింది.

"చెడగొట్టడానికి ఒక్క ఓటీపీ చాలింది. బాగు చేసుకోడానికి నాకు ఏడాదా?"

"అవునండీ," అంది.

ఎవరి మీద అరవాలి? బయటకు వచ్చి చెరుకురసం బండి దగ్గర నిలబడి ఒక గ్లాసు తాగాను, ఏడుపు మింగడానికి. ఆ వేసవి కూడా మార్టూరు మిల్లు ముందే కూర్చున్నాను. ఒకటే మార్పు, తాలు పట్టిన మిషన్లో నాది పోయనన్నాను. మిషను కడిగించి, కడిగినందుకు రెండొందలు ఇచ్చి, నాలుగొందల కిలోలు పట్టించాను. తాడేపల్లికి నా బండి మీదే పంపాను.

డ్వాక్రా మీటింగులో మిగతావాళ్లకు కూడా తమ పేరు మీద ఏ అప్పుందో ఫోనులో చూడటం నేర్పాను. పది మందిలో ముగ్గురి పేర్ల మీద వాళ్లకు తెలియనివి ఉన్నాయి. ఒకామె పేరు మీద రెండు ఫోన్లు, ఒక ఫ్రిజ్జు. ఆమె ఇంట్లో కుండ నీళ్లు తాగుతారు.

వైశాఖంలో అత్తయ్య వంతు మళ్లీ మా ఇంటికి వచ్చింది. కుర్చీ రోజు నుంచి నాతో ముక్తసరిగానే మాట్లాడుతోంది. ఆ సాయంత్రం నేను కారం పాకెట్లకు సీలు వేస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది. చీర కుచ్చిళ్లలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా ముందు పెట్టింది.

"ఏమే, నాది గూడా చూడు."

"ఏంది అత్తా?"

"నా పేరు మీద ఏముందో."

కవరులో ఆధార్ కార్డు ఉంది. దాని కింద పాన్ కార్డు.

"నీకు పాన్ కార్డు ఎందుకత్తా?"

"పెన్షనుకి కావాలని పెద్దోడు చేయించాడు."

"పెన్షనుకి అదక్కర్లేదు."

"పెద్దోడు దున్నుకునే ఆ రెండెకరాలూ నా పేరు మీదే గదా ఉన్నయ్," అంది అత్తయ్య, తనలో తను అనుకున్నట్టు. నలభై ఏళ్లు మిరపకాయ ఏరిన ఆమె వేలిముద్రలు ఏ మిషన్లోనూ పడవు, గీతలు అరిగిపోయాయి. అన్నింటికీ ఫోను మీదకు వచ్చే ఓటీపీయే గతి.

చేతులు కడుక్కుని ఫోను తీశాను. ముందు ఆధార్ నంబరు కొట్టాను. దానికి కలిపిన ఫోనుకు ఓటీపీ పంపామని, ఆ నంబరు చివర నలభై ఒకటి అని తెర మీద వచ్చింది.

"ఎవురిదే?" అంది అత్తయ్య.

"బావగారిది."

పోనీలే వదిలెయ్ అంటుందనుకున్నాను. ఆమె మోకాలి మీద చెయ్యి వేసి లేచింది. గుమ్మం దాటి, అరుగు దిగి, నా బండి పక్కన నిలబడింది. ఎదురుగా వరండాలో బావగారు మరో ఇద్దరితో కూర్చుని ఉన్నాడు. అత్తయ్యది జొన్నచేలో పిట్టలు తోలిన గొంతు. వీధి ఆ చివరిదాకా వినబడింది.

"ఒరేయ్ బుల్లయ్యా! నీ ఫోనుకిప్పుడో నంబరొచ్చింది చూడు."

ఆయన ఫోను చూశాడు. తల్లి వంక చూశాడు.

"తర్వాత చెప్తాలే అమ్మా. లోపలికి పో."

"నా పేరు మీదొచ్చింది నీ ఫోనుకెందుకొచ్చిందిరా? పైకి చదువు. నలుగురికీ వినబడేటట్టు చదువు."

పక్కనున్న ఇద్దరూ ఆయన వంకే చూస్తున్నారు. అత్తయ్య కదల్లేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

ఆరు అంకెలు. ఒక్కొక్కటే చదివాడు. నేను నొక్కాను.